విపంచి గొంతు దాగిన మఠం

కుముదగిరి రాజ్యంలో ఆ ఏడు వాన చినుకు రాలలేదు. ఏటా ఆషాఢంలో చిన్న రాకుమారి విపంచి కోటబురుజు మీద నిలబడి పాడితే మబ్బులు కమ్ముకునేవి. ఈసారి ఒక మాంత్రికుడు ఆమెను పెళ్లాడతానని వచ్చి, కాదనిపించుకుని, కోపంతో శపించాడు. విపంచి గొంతు నీలిపిట్టగా మారి పడమటి కొండల వైపు ఎగిరిపోయింది.

"దాన్ని తెచ్చినవారిదే నా సింహాసనం!" అని ప్రకటించాడు రాజు.

పెద్ద రాకుమారి మంజీర వెంటనే గుర్రమెక్కింది. చెల్లెలి మీద జాలితో కాదు. రాజ్యమంతా విపంచి పేరే జపిస్తుంటే ఆమె కడుపు రగిలిపోయేది. ఒక్కసారైనా జనం తన పేరు తలవాలి!

కీకారణ్యంలో ఒక రాక్షసి దారికి అడ్డంగా కూర్చుంది.

"ఎందుకొచ్చావే? అబద్ధం చెబితే నమిలి మింగేస్తా!"

"చెల్లెలి మీద అసూయతో," అంది మంజీర.

రాక్షసి పకపకా నవ్వింది. "ఇన్నాళ్లకు ఒక్కతి నిజం చెప్పింది! పో!"

అడవి దాటితే పచ్చని లోయ. వాగు ఒడ్డున ద్రాక్షతోటలు, వాటి నడుమ ఎప్పుడో మౌనవ్రతం పాటించే సిస్టర్షియన్ శాఖ కన్యాస్త్రీలు కట్టుకున్న రాతి మఠం. తెల్లని ఉన్నివస్త్రాలు ధరించిన స్త్రీలు పెదవి కదపకుండా పాదులు తవ్వుతున్నారు. గంటగోపురం మీద నీలిపిట్ట కూర్చుని ఉంది.

"మౌనం ఉన్నచోటు వెతుక్కుని వచ్చింది పాపం," అంది మఠం పెద్దమ్మ. "తీసుకెళ్లమ్మా. దారిలో నోరు తెరిచావో, నీ గొంతులో దూరుతుంది. మళ్లీ బయటికి రావాలంటే మౌనం ఒక్కటే మార్గం."

పిట్టతో బయలుదేరి మొదటి మలుపు తిరగగానే మంజీర కావాలనే నోరు తెరిచింది. పిట్ట లోపలికి దూరింది. ఆమె పాడితే లోయంతా మోగింది. ఆకాశంలో మాత్రం మబ్బు జాడ లేదు. చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు.

"ఇది కుముదగిరి విపంచమ్మ గొంతు కదూ! ఆ తల్లి తరవాతే ఎవరైనా," అంది ఒక ముసలావిడ.

మంజీర గుర్రాన్ని ముందుకు ఉరికించింది. పక్క పల్లెలోనూ అదే మాట. గొంతు తనదైనా పేరు చెల్లెలిదే! ఏడుస్తూ మఠానికి తిరిగి వచ్చింది.

పెద్దమ్మ ఏమీ అడగకుండా చేతికి పార ఇచ్చింది. మంజీర మౌనంగా తవ్వసాగింది. పక్కనున్న కన్యాస్త్రీ తనకంటే చకచకా తవ్వుతుంటే ఆమె మీదా కుళ్లుకుంది. ఆమె మాత్రం తన పాదు ముగించి, చిరునవ్వుతో మంజీర పాదులోకి దిగింది. మంజీర సిగ్గుపడింది. ద్రాక్ష పండే వేళకు ఒక ఉదయం పిట్ట బయటికి వచ్చి ఆమె మణికట్టు మీద వాలింది.

అసూయ పోలేదు. అయినా ఈసారి పెదవులు బిగించింది. రాక్షసి ఎన్ని ప్రశ్నలు వేసినా జవాబివ్వక, కత్తి దూసి అడవి దాటింది.

కోటలో విపంచి నోరు తెరవగానే పిట్ట లోపలికి దూరింది. గొంతు రాగానే ఆమె అక్కను కౌగిలించుకుంది. "నీలా గుర్రమెక్కి అడవులు దాటలేనని చిన్నప్పటి నుంచీ ఎంత కుళ్లుకున్నానో తెలుసా అక్కా!"

"నువ్వా? నా మీదా?" మంజీర తెల్లబోయింది. ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నారు.

విపంచి పాడింది. వాన కుండపోతగా కురిసింది. రాజు మంజీరకు పట్టం కట్టాడు. రాణి మంజీర చెల్లెలికి గుర్రపుస్వారీ తానే నేర్పింది. విపంచి కింద పడ్డప్పుడల్లా పరుగున వెళ్లి లేవదీసేది. లోలోపల మాత్రం రవ్వంత సంతోషించేది.