ఒకే ఇంటి ఓట్లు

ఆదివారం పొద్దున్నే చందన ఇంటి ముందుగదిలో నలుగురు పిల్లలు చేరారు. నారాయణఖేడ్ బడిలో ఆమె వాళ్లకు సోషల్ టీచరు. డిబేట్ పోటీ దగ్గరపడింది. అంశం, ఇంటిల్లిపాదీ ఒకరికే ఓటు వేయాలా? ఇద్దరు అవునని, ఇద్దరు కాదని వాదించాలి. ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఎవరూ నోరు తెరవకూడదన్నది ఆమె షరతు.

ఆ షరతు మామ సంగమేశ్వర్‌కు వర్తించదు కదా! మున్సిపల్ ఎన్నికల్లో ఆయన తమ్ముడు జగదీశ్వర్ కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయాడు, ఎదురు నిలబడ్డ పోశమ్మ కౌన్సిలర్ అయింది. అప్పటి నుంచి ఆయన కోడలు ఇచ్చిన చాయ్ ముట్టడం లేదు. ఇంటి ఓటు పక్కకు మళ్లించింది చదువుకున్న కోడలేనని తనకు తానే తీర్పు చెప్పేసుకున్నాడు మహానుభావుడు.

రోజ అనే అమ్మాయి ఎవరి ఓటు వాళ్ల ఇష్టమని మొదలుపెట్టిందో లేదో, ఆయన విసురుగా వచ్చాడు.

"ఇగ బంద్ చెయ్యి. గీ ముచ్చట్లతోనే నా తమ్ముని ముంచినవ్. ఎవరికేసినవో గీ పిల్లల ముంగటనే చెప్పు. చెప్పకుంటే నీకూ నాకూ ఇగ మాటల్లేవ్."

చందన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. జగదీశ్వర్‌కే వేశానంటే గొడవ తీరిపోయేది. నిజం కూడా అదే.

"చెప్ప మామా. ఓటు సంగతి ఎవరడిగినా చెప్పాల్సిన పని లేదని వీళ్లకు నేర్పింది నేనే. ఇప్పుడు భయపడి నేనే చెప్తే ఎట్ల?"

వంటింట్లోంచి అత్త విజయమ్మ పిండి చేతులతోనే వచ్చింది.

"దాన్నేం అనకు. పోశమ్మకు వేసింది నేను."

ఆయన గిరుక్కున భార్య వైపు తిరిగాడు.

"నల్లా బందైతే ఎండకాలమంత బిందెలు మోసింది నేను. ట్యాంకర్ కోసం మున్సిపల్ ఆఫీసు ముంగట కూసున్నది పోశమ్మ. ఎవరికెయ్యాల్నో నువ్వు చెప్పినవ్. నాకేం కావాల్నో ఎన్నడన్న అడిగినవా?"

"మరి నాకెందుకు చెప్పలే?" ఆయన గొంతు తగ్గింది.

"నాతోని గూడ మాట్లాడుడు బంద్ చేస్తవని భయమైంది. నా బదులు గీ పిల్ల మాటలు పడుతుంటే చూసుకుంట ఊకున్న." విజయమ్మ కోడలి చేయి పట్టుకుని ఏడ్చేసింది.

తమ్ముడు ఓడిన రోజు కూడా సంగమేశ్వర్‌కు ఇంత బాధ కలగలేదు. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి తనకు భయపడి నోరు మూసుకుంది. ఆయన పిల్లల పక్కనే చాప మీద కూలబడ్డాడు.

"తప్పయింది బిడ్డా," అన్నాడు చందనతో. తర్వాత భార్య వైపు చూశాడు. "ఎవరికేస్తవో అడగ. నీకేం కావాల్నో చెప్పు విజయా, వింట."

విజయమ్మ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పిండి చేతులు కొంగుకు తుడుచుకుంది. ఆ మాట ఆమెను ఇంతవరకు ఎవరూ అడగలేదు మరి.