బావగారి సెట్టింగు

పొద్దున్న ఎనిమిదయ్యేసరికి అనూరాధ ఇడ్లీ పాత్ర దించి, చేతులు కొంగుకు తుడుచుకుని, సామాన్ల గదిలో కంప్యూటరు ముందు కూర్చునేది. బియ్యం డ్రమ్ముకీ పాత మంచానికీ మధ్య ఇరికించిన బల్ల అది. కిటికీ లేదు. తలుపు కింద నుంచి ఒక కేబులు ముందుగదిలోకి పోతుంది. ఆ కేబులు అవతలి కొసన బావగారు నరసింగరావు కూర్చుంటాడు. మూడేళ్లుగా ఇద్దరూ కలిసి ఒకే పని చేస్తున్నారు. ఒక్కనాడూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

తగువేమీ లేదు సుమా. ఆ ఇంట్లో తమ్ముడి పెళ్లాం బావగారి ఎదటపడి మాట్లాడకూడదు, అంతే. ఎక్కడో అమెరికాలో లేచే భవనాలకు విజయనగరం కంటోన్మెంటులోని ఈ డాబా ఇంట్లో ఉక్కు దూలాల డ్రాయింగులు తీస్తారు గానీ, కోడలి మాట ముందుగదికి చేరాలంటే అత్తగారు జగ్గమ్మ నోటిమీదుగానే చేరాలి. నరసింగరావు ఎర్రసిరాతో తప్పులు దిద్దిన కాగితాలు జగ్గమ్మే తెచ్చి బియ్యం డ్రమ్ము మీద పడేస్తుంది. ఒకసారి అనూరాధ ఆ ఎర్రగీత పక్కనే ‘ఇది సరిగానే ఉంది’ అని రాసి పంపింది. అంతే, బావగారి రాతకి ఎదురు రాతేటని, మీ ఎచ్చెర్ల పుట్టింట్లో ఇలాగే నేర్పినారా అని అత్తగారు రెండు రోజులు మొహం ముడుచుకుంది. అప్పటినుంచి రాయడమూ మానేసింది.

అయినా ఆ చీకటిగదిలో కూర్చుంటేనే ఆమెకు ప్రాణం కుదుటపడేది. శ్రీకాకుళంలో చదివిన సివిల్ డిప్లొమా వృథా పోకుండా కాపాడింది ఆ కంప్యూటరొక్కటే. అదీ పోతే ఈ ఇంట్లో తనకు మిగిలేది పొయ్యి మాత్రమే.

2016 వేసవిలో ఒక పొద్దున్న ముందుగదిలో ఫోను మోగింది. పని ఇచ్చే విశాఖపట్నం కంపెనీ వాళ్లు. బావగారి గొంతు మొదట “సార్, సార్” అంటూ వినబడింది, తరువాత తగ్గింది, ఆ తరువాత బొత్తిగా ఆగిపోయింది. ఫోను పెట్టేసి తల్లితో చెప్పాడు, రెండువందల పన్నెండు డ్రాయింగులు తిరిగొచ్చాయట. దూలం మీద పోసే కాంక్రీటు జారిపోకుండా పట్టుకోవడానికి పొట్టి ఇనుప కడ్డీలు నిలబెట్టి వెల్డు చేస్తారు. వాటిని స్టడ్డులంటారు. దూలం ఉక్కు వేరు, స్టడ్డు ఉక్కు వేరు, దేని గ్రేడు దానిదే. వీళ్లు డ్రాయింగులతో పంపిన సామాను జాబితాల్లో స్టడ్డులన్నిటికీ దూలం గ్రేడే పడింది. ఆ గ్రేడులో స్టడ్డులు ఎక్కడా దొరకవట. ఇంట్లో ఆడవాళ్ల చేత చేయించి, చూడకుండానే పంపేస్తారా అని కూడా కంపెనీవాళ్లు దులిపేశారు.

తలుపు సందులోంచి అనూరాధ ఈ మాటలన్నీ వింది. ఆ తప్పు ఆమె నెల కిందటే కనిపెట్టింది. కొత్త పని తెరిచేటప్పుడు బావగారు పాత పని సెట్టింగులే యథాతథంగా దించుకున్నాడు. అందులో స్టడ్డు గ్రేడు దూలంతో సమానమని ఉంది; పాత పనుల్లో స్టడ్డులే లేవు కనక అది ఎవరి కంటా పడలేదు. మార్చాలంటే ఆయన కంప్యూటరులోనే మార్చాలి. బావగారిని ఒకసారి ఆ సెట్టింగు చూడమనమని అత్తగారితో చెప్పి పంపింది. వెళ్లొచ్చిన జగ్గమ్మ, సరే, నువ్వు కానీయమన్నాడంది. మర్నాడు చూస్తే సెట్టింగు మారలేదు. ఆయనకు తెలియనిదా, ఏదో చూసే ఉంచాడనుకుని అనూరాధ నోరు కట్టేసుకుంది. ఆ నోరు కట్టేసుకోవడమే ఇప్పుడు కొంప మీదకు తెచ్చింది.

బొబ్బిలి ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి మధ్యాహ్నానికి దేవేంద్ర ఇంటికొచ్చాడు. అనూరాధ మొగుణ్ణి వంటగదిలోకి పిలిచి జరిగిందంతా చెప్పింది. అతను పాపం మంచివాడే, కాకపోతే అన్నగారి ముందు పిల్లి. అన్నయ్యది తప్పని మనమెలా అంటాం, రెండు రోజులు ఊరుకుంటే అన్నీ సర్దుకుంటాయన్నాడు. చెబితే పెద్దాయన పరువు తీసిన కోడలు. చెప్పకపోతే పనికిరాని కోడలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎటు తిరిగినా ఆమెకు దారి కనబడలేదు.

ఆ సాయంత్రం వసారాలో నరసింగరావు తల్లి వైపు చూస్తూ తీర్పు చెప్పేశాడు. “అమ్మా, ఆ పిల్లకి సెప్పు. రేపటినుంచి ఆ మెషీను మీద వేరే మనిషిని పెడతన్నాను. తను ఇల్లు సూసుకుంటే సాలు.”

జగ్గమ్మ తోటకూర తుంచుతోంది. తల ఎత్తలేదు. దేవేంద్ర అన్నగారి చెప్పుల వైపు చూస్తున్నాడు. గుమ్మం లోపల నిలబడ్డ అనూరాధ ఇద్దరినీ చూసింది. తన తరఫున ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి, ఎవరైనా అంటారేమోనని చూసింది. ఎవరూ అనలేదు. ఆమే గుమ్మం దాటింది.

“బావగారూ,” అంది.

దేవేంద్ర లోపలికి పొమ్మని కళ్లతో సైగ చేశాడు. ఆమె పోలేదు.

“ఆ గ్రేడు తప్పని నెల్లాళ్ల కిందటే అత్త చేత సెప్పించినాను. మీరు మార్చలేదు. తప్పు నాదయితే మెషీను తీసేయండి. నాది కానిదానికి తీసేస్తానంటే మాత్రం నేనొప్పుకోను.”

నరసింగరావు ఆమె వైపు చూడలేదు. “నాకెవులూ సెప్పలేదు,” అన్నాడు తల్లితోనే.

జగ్గమ్మ చేతిలో తోటకూర కాడ అలాగే ఉండిపోయింది. అబద్ధం ఎన్నాళ్లని దాగుతుంది?

“నాను సెప్పలేదురా,” అంది చివరికి. “పెద్దోడి పనిలో మరదలు తప్పెంచిందని ఏ నోటితో సెప్పమంటావు? నీకు సిన్నతనమని గుమ్మం కాడికొచ్చి ఎనక్కి పోనాను. సరేనన్నాడని దీనికి అబద్ధమాడినాను.” చేతిలో కాడ కింద పెట్టింది. “మీ పెదనాన్న ముందు ముప్పయ్యేళ్లు నోరు ఇప్పలేదు నాను. ఆయన పోయిన నాడు ఏడుద్దామన్నా గొంతు రానేదు. అదే మర్యాదనుకున్నాను.”

నరసింగరావు లేచి ముందుగదిలోకి వెళ్లిపోయాడు. అయిపోయిందనుకుంది అనూరాధ. ఇక తన పనీ పోయింది, ఈ ఇంట్లో కాస్తో కూస్తో ఉన్న మంచీ పోయింది అనుకుంది.

చాలాసేపటికి లోపలినుంచి గొంతు వినబడింది. పిలుపు తల్లికి కాదు.

“అనూరాధా, ఆ సెట్టింగు ఎక్కడ మారుస్తారో నాకు తెల్దు. మూడేళ్లుగా పాతదే దించుకుంటన్నాను. కంపెనీ వాళ్లకీ అదే సెప్పినానిప్పుడు. నువ్వొచ్చి సూపించమ్మా.”

ఆ గది ఆమె రోజూ ఊడ్చే గదే. కుర్చీలో కూర్చోవడం మాత్రం అదే మొదలు. పక్కనే నిలబడ్డ బావగారికి వినబడేలా ఒక్కొక్క మెట్టూ చెబుతూ స్టడ్డుల గ్రేడు మార్చింది. రెండువందల పన్నెండు డ్రాయింగులూ మళ్లీ తియ్యాలి. సగం నువ్వు తియ్యి, సగం నేను తీస్తానన్నాడాయన.

జగ్గమ్మ రెండు గ్లాసుల్లో టీ తెచ్చి గుమ్మంలో నిలబడింది. అలవాటు ఎక్కడికి పోతుంది?

“పెద్దోడికేటైనా సెప్పాలేటే?” అని అడిగింది.

“వద్దత్తా. నేను సెప్పుకుంటాను.”

జగ్గమ్మ గ్లాసులు బల్ల మీద పెట్టి, గుమ్మంలోనే కూలబడి, గొంతెత్తి ఏడ్చింది. ఎప్పుడో పోయిన తన బావగారి కోసం ఏడుస్తోందని ఆ గదిలో ఇద్దరికీ అర్థమైంది. అనూరాధ కుర్చీలోంచి లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.