అత్తగారి గోడ మీద షేర్ మార్కెట్టు

"అయిపోయింది! నిండా మునిగిపోయాం!" అంటూ మొగుడు ఫోను మంచం మీదికి గిరాటేసేసరికి, కత్తిరిస్తున్న గుడ్డ వదిలేసి కోడలు పరుగెత్తుకొచ్చింది. మార్కెట్టు మళ్ళీ పడిందట! పొద్దున్నుంచీ ఆ తెరని తినేసేలా చూస్తున్నాడు మహానుభావుడు... పిలిస్తే పలకడు, పెడితే తినడు!

అందులో ఉన్నది ఎవరి సొమ్మనుకున్నారు? కోడలిదే! నడుం పడిపోయేలా అందరి బట్టలూ కుట్టి, సొంతంగా ఒక కుట్టు దుకాణం పెట్టుకోవాలని దాచుకున్నది. "కొన్నాళ్ళు షేర్ల ఫండులో ఉంచుదాం, పెరుగుతుంది" అని మొగుడు ఊరిస్తే సరేనంది పిచ్చితల్లి.

"ఇవాళే అమ్మేస్తాను. మిగిలిందైనా దక్కుతుంది," అన్నాడాయన.

"మరి... నా దుకాణం?"

మిగిలిన దాంతో అద్దె గది కూడా రాదు! ఆమె కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"ఏమిట్రా ఆ గోల? ఇద్దరూ ఇలా రండి!" ముందు గదిలోంచి అత్తగారు కేకేసింది.

ఆ గదిలో గోడ పొడుగునా ఒక గుడ్డ వేలాడుతుంటుంది. కొత్తవాళ్ళు కొండల బొమ్మ అనుకుంటారు. కొండలూ కాదు, పాడూ కాదు! మామగారు బతికున్నప్పుడు ఏటా ఆఖర్న పేపర్లో మార్కెట్టు సూచీ చూసి పెన్సిలుతో చుక్క పెడితే, అక్కడిదాకా అత్తగారు దారంతో గీత కుట్టేది. ఆయన పోయాక చుక్కా ఆవిడదే, గీతా ఆవిడదే. కొడుక్కి మాత్రం అదంతా ముసలమ్మ కాలక్షేపం!

"గీతలో ఈ గుంట చూడు, నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పటిది. ఉన్న షేర్లన్నీ అమ్మేయమని మీ నాన్న ప్రాణం తోడేశాను. ఆయన వింటేగా!"

కొడుకు ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నడిచాడు. గుంటలున్నాయి... అయినా మొత్తం మీద గీత పైకే వచ్చింది! "అయితే ఇదీ లేస్తుందన్నమాట!" అన్నాడు మొహం చేటంత చేసుకుని.

"అప్పుడే ఎగరకు! నువ్వు పలకా బలపం పట్టి బడికెళ్ళేదాకా ఆ గుంట పూడలేదు. రేపూ అలాగే లేస్తుందని రాసివ్వడానికి నేనెవర్ని? ఇన్నేళ్ళ గీత చూస్తే లేస్తుందనే అనిపిస్తుంది, అంతే. ఆగగలిగిన డబ్బైతే ఆగొచ్చు. రేపో మాపో దుకాణం పెట్టుకోవాల్సిన పిల్ల సొమ్ము తీసుకెళ్ళి అందులో పోస్తావా, బుద్ధి లేనివాడా!"

"పోనీలెండి అత్తయ్యా... ఆగుదాం. ఇన్నాళ్ళూ ఆగాను, ఇంకొన్నాళ్ళు..." అంది కోడలు.

"నువ్వెందుకాగాలి? ఆగాల్సింది ఆ డబ్బు!" అత్తగారు లేచి తన పక్క చుట్టేసింది. "ఈ గది వీధిలోకుంది. కావలసినంత వెలుతురు! తలుపు తీస్తే దుకాణమే, అద్దె బాధ లేదు. నేను వెనక గదిలో పడుకుంటాను."

ఆ గదిలో కుర్చీ అంగుళం జరిపినా ఊరుకోని మనిషి!

"మామయ్యగారితో ఉన్న గది... మీరెలా వదులుకుంటారు అత్తయ్యా?" అంటూ కోడలు ఆవిడ భుజం మీద వాలి భోరుమంది.

ఆవిడ కళ్ళూ తడిశాయి. అయినా బయటపడితే ఆవిడ అత్తగారెలా అవుతుంది!

"ఏడిస్తే తర్వాత తీరిగ్గా ఏడుద్దువుగానీ, ముందు ఆ మంచం కోడు పట్టుకో! ఒరేయ్, గుడ్లప్పగించి చూస్తావేం? వెళ్ళి మిషను మోసుకురా!"