సగటు మేడమ్ నింపిన ఖాళీలు

"మీ మోడల్ పరీక్షకి ముందే జవాబు పేపరు చూసేసిందండీ" అన్నాడు కొత్తగా చేరిన కళ్లజోడు కుర్రాడు, మీటింగులో అందరి ముందూ.

ఆమె మొహం మాడిపోయింది. ఒళ్లు హూనం చేసుకుని కంప్యూటర్‌లో కట్టిన లెక్కల మోడల్ అది. తీరా చూస్తే అతను చెప్పింది నిజమే. సరుకు చేరాక మాత్రమే తెలిసే వివరం ఒకటి, ఎప్పుడు చేరుతుందో ఊహించే లెక్కలోకి ముందే దూరిపోయింది. నిజమైనందుకు ఇంకా ఒళ్లు మండింది.

సాయంత్రం అతనే రెండు టీలు పట్టుకొచ్చాడు. క్షమించమనలేదు, పంచదార సరిపోయిందా అని అడిగాడు. అలా మొదలైంది. ఆమె అతన్ని కళ్లజోడు అంది. డేటాలో ఎక్కడ ఖాళీ గడి కనిపించినా సగటు వేసి పూడ్చేస్తుందని అతను ఆమెకు సగటు మేడమ్ అని పేరు పెట్టాడు. మెట్ల దగ్గరి కిటికీ పక్కన రోజూ టీ తాగుతూ ఒకరినొకరు దెప్పుకునేలోపు మీరు కాస్తా నువ్వు అయింది.

అంతలో బస్సుల పోటీ వచ్చింది. ఒక రవాణా సంస్థ తన పాత రికార్డులన్నీ జనం ముందు పెట్టి, ఏ ట్రిప్పు ఎన్ని నిమిషాలు ఆలస్యమవుతుందో ఊహించమంది. ఇద్దరూ పందెం వేసుకుని విడివిడిగా దిగారు. ఆఫీసు పనయ్యాక మళ్లీ అదే పని. ఆమె కళ్లు లోపలికి పోయాయి. కంచం ముందు కూడా స్క్రీనే చూస్తుంటే, మెడ పట్టేస్తుందని, చూపు పోతుందని, పోయాక ఎవరు చూస్తారని వాళ్లమ్మ వడ్డిస్తూనే బెంగపడేది.

పోటీ ఇంకో వారంలో ముగుస్తుందనగా కళ్లజోడు టీకి రావడం మానేశాడు. ఎదురుపడితే తల దించుకుని తప్పుకున్నాడు. మెసేజ్ పెడితే చూశాడు, బదులివ్వలేదు.

ఇంట్లో ఆ మాట నోరు జారింది. వాళ్లమ్మకు అంత చాలు. భర్త రావడం కాస్త ఆలస్యమైతే మనసులోనే ఆస్పత్రి దాకా వెళ్లొచ్చే మనిషి ఆవిడ.

"ఎక్కడో సంబంధం కుదిరుంటుందే తల్లీ. చెప్పలేక మొహం చాటేస్తున్నాడు" అంది.

కూతురు కాదనలేదు. వాదించే ఓపిక లేదు. వేరే ఊరి బ్రాంచికి వెళ్తావా అని మేనేజరు అంతకుముందే అడిగి ఉన్నాడు. ఫలితాల రోజు సాయంత్రం చెప్తానంది. వెళ్తాననే చెప్పేద్దామనుకుంది. ఎవరూ రాని ఆ కిటికీని రోజూ దాటి నడవడం ఇక తన వల్ల కాదు.

ఫలితాలు వచ్చాయి. అంతవరకూ పోటీ ర్యాంకుల బోర్డు మీద పై వరుసలో ఉన్న ఆమె పేరు అట్టడుగుకు జారిపోయింది. కళ్లజోడు మూడోవాడు. బయట వాన. ఆమె స్క్రీన్ ఆపేసి మేనేజరు గదివైపు నడిచింది.

కిటికీ దగ్గర అతను రెండు టీలతో నిలబడి ఉన్నాడు.

"మధ్య స్టాపు టైము లేనిచోట నువ్వు సగటు వేశావు కదా?" అన్నాడు.

"ఇప్పుడా అడిగేది?"

"ఇప్పుడే అడగాలి. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న డ్రైవరు స్టాపు చేరినట్టు బటన్ నొక్కడం మర్చిపోతాడు. గడి ఖాళీ అంటే బస్సు చిక్కుల్లో ఉన్నట్టు. బోర్డు మీద ఇన్నాళ్లూ లెక్కేసినవి ఎండాకాలం ట్రిప్పులు. చివరి ఫలితం కోసం దాచి ఉంచినవన్నీ వానాకాలానివి."

"తెలిసి కూడా నాకు చెప్పలేదు."

"పోటీలో ఒకరికొకరు చెప్పుకోకూడదని రూలు. చెప్తే ఇద్దర్నీ తీసేస్తారు. నీ ఎదురుగా నిలబడితే నా నోరు ఆగదు. అందుకే రాలేదు."

"ఆ ముక్కైనా చెప్పొచ్చుగా?"

"చెప్తే ఎందుకని అడుగుతావు. అడిగితే మొత్తం చెప్పేస్తాను."

ఆమెకు నవ్వడానికి కూడా ఓపిక లేకపోయింది. మెట్టు మీద కూలబడింది.

"ఈ వారంలో నేను నీకు పెళ్లి చేసేశాను" అంది.

"ఎవరితో?"

"ఏమో. మా అమ్మ కుదిర్చింది."

అతను పక్కన కూర్చున్నాడు. అద్దాల మీద టీ ఆవిరి పట్టింది. తుడుచుకోలేదు.

"ఆ చోటు ఇంకా ఖాళీయే. నువ్వుంటావా అని అడుగుదామని వారమంతా మాటలు కూడబెట్టుకున్నాను. తీరా నోరు తెరిస్తే బస్సులొచ్చాయి."

ఆమె లేచి, "బ్రాంచికి వెళ్లనని చెప్పొస్తాను. నా టీ చల్లారనివ్వకు" అంది.

ఆదివారం అతను ఇంటికొచ్చాడు. వాళ్లమ్మ కళ్లజోడు పవరు అడిగింది, వాళ్లింట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అని అడిగింది, పోటీలన్నీ అయిపోయి ఉద్యోగం కూడా పోతే ఏం చేస్తావంది. అతను ఓపిగ్గా బదులిస్తూనే ఉన్నాడు. సరేనని ఆవిడ మాత్రం అనలేదు. కూతురు గుమ్మంలో నీరసంగా నిలబడింది.

అతను లేచాక ఆవిడ గొడుగు తెచ్చి చేతిలో పెట్టింది.

"రోడ్డంతా నీళ్లు బాబూ. ఇల్లు చేరగానే ఫోన్ చెయ్యి. చెయ్యకపోతే నేను ఏవేవో ఊహించుకుంటాను."

ఆవిడ తన వాళ్ల కోసం తప్ప భయపడదని కూతురికి తెలుసు.

అతను వీధి మలుపు తిరిగాడో లేదో, లోపల వాళ్లమ్మ ఫోన్ మోగింది.

"ఇంకా బస్సు ఎక్కలేదండీ. మధ్యలో ఖాళీ ఎందుకని ఇప్పుడే చేశాను."