వెనక సీటు మీది మూట

శనివారం పొద్దున చందానగర్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో కాలు పెట్టే జాగా లేదు. హాల్లో పాత దుప్పటి పరిచి, సామానంతా ఆరబోసుకుని కూర్చున్నాడు మహేశ్. దుప్పటి పక్కన బండల మీద సుద్దముక్కతో ఒక డబ్బా గీశాడు. బండి వెనక సీటు మీద కట్టే సంచి కొలత అది. అందులో పట్టినవి తనతో సాగర్ దిక్కు ప్రయాణానికి వస్తాయి, పట్టనివి ఇంట్లో ఉంటాయి.

చాయ్ గ్లాసుతో వచ్చిన కొమురమ్మ, కొడుకు చుట్టూ ఓసారి తిరిగి చూసింది.

"ఏందిరా, ఇంటి నడుమ ముగ్గేసినవ్? అదన్న సక్కగ ఏసినవా అంటే నాలుగు గీతలు గీకి ఊకున్నవ్."

"ముగ్గు కాదే అమ్మా. గీ జాగలనే అన్నీ పట్టాలె."

"గీ జాగల నా వక్కల సంచి పట్టదు. ఇల్లు పట్టిస్తవా?"

మహేశ్ నవ్వి స్లీపింగ్ బ్యాగ్ మీద మోకాలు వేసి అదిమాడు. ఉఫ్‌మని గాలంతా పోయి, దూదిమూట లాంటిది కాస్తా లేత సొరకాయంత అయింది. తర్వాత పిడికెడంత పొయ్యి తీసి, దాని మూడు కాళ్లూ విప్పి నిలబెట్టాడు.

"ఇది పొయ్యా? దీని మీద పిట్టగుడ్డు ఉడుకుతది" అని తీర్పు చెప్పి, కొమురమ్మ గోడకు జారగిలబడి చాయ్ ఊదుకుంది.

వంటింటి గడపలో చిక్కుడుకాయలు ఒలుస్తూ అతని భార్య అశ్విని ఇదంతా చూస్తోంది. చేతులు చిక్కుళ్ల మీద ఉన్నాయి గానీ చూపు సోఫా మీద ఉన్న రెండు గుడారాల మీదే ఉంది. ఒకటి ఒక్కరు పడుకునేది, ఇంకొకటి ఇద్దరికి. చూసుకుని శనివారం సాయంత్రంలోగా ఒకటి వాపస్ ఇస్తానని కొత్తగూడ షాపతనికి చెప్పి, నిన్న రెండూ తెచ్చాడు మహేశ్. అప్పటి నుంచి ఆమెకు కుదురు లేదు. ఒక్కడే పోయేవాడైతే రెండోది ఎందుకు తెస్తాడు? అడుగుతాడేమో. ఈసారన్నా 'నువ్వూ రా' అంటాడేమో. ఆ ఒక్క మాట కోసం చెవులు రిక్కించుకుని ఉంది.

మహేశ్ ఇద్దరి గుడారాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. బరువు చూశాడు. గీత దగ్గర దాకా తెచ్చి, లోపల పెట్టకుండానే దాని సంచిలోకి తోసి తాడు బిగించాడు.

"ఇది వాపస్ ఇచ్చేస్త. ఒక్కనికి గా చిన్నది చాలు."

అశ్విని చేతిలో చిక్కుడుకాయ చిట్లింది.

"మరి రెండోది ఎందుకు తెచ్చినవ్?"

"ఊకెనే. చూద్దామని."

"ఏం చూద్దామని?"

"బరువు."

"నేను ఎంత బరువైత?" అంది అశ్విని. చాట పక్కన పెట్టి లేచి నిలబడింది. "గుడారం సంగతి కాదు, నా సంగతి చెప్పు. నీ బండికి నేను ఎంత బరువైత?"

"గట్ల మాట్లాడకు, అశ్వినీ."

"ఆరేండ్ల సంది మాట్లాడలే గదా, ఇయ్యాల మాట్లాడుత. మా చెల్లె పెండ్లికి నేను బస్సుల, నువ్వు బండి మీద. బజారుకు పోతే నేను ఆటోల, నువ్వు ఆటో ఎన్కబడి బండి మీద. వీళ్లు మొగుడు పెండ్లాలా, దొంగా పోలీసా అని గల్లీల నవ్వుతున్నరు. ఇప్పుడు నేను కూసునే జాగల మూట కడుతున్నవ్."

కొమురమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"నేనెక్కితే అరిష్టమా?" అశ్విని అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "చెప్పరాదు. అనంతగిరి పోదామని ఆ దినం పట్టుబట్టింది నేనే. మబ్బు పట్టినా పోదాం పా అన్నది నేనే. ఆ వంపుల బండి జారి పడితిమి, కడుపుల బిడ్డ పాయె. నా మొండితనంతోనే పాయెనని నీ మనసుల ఉన్నది. గందుకే గదా నన్ను ఎక్కనిస్తలేవ్?"

అన్నేళ్లుగా గొంతులో ముల్లులా గుచ్చుకుంటున్న మాట బయటపడింది. మహేశ్ మాత్రం వేరే భాషేదో విన్నట్టు చూస్తున్నాడు.

"ఎవరన్నరు నీకు గట్ల?"

"ఎవరనాలె? కండ్లకు కనపడ్తలేదా?"

"ఒట్టు పెట్టించుకున్నది నువ్వే గదా!"

"ఏం ఒట్టు?"

"దవాఖానల. నీకు తెలివొచ్చినంక నా చెయ్యి గుంజుకొని నీ నెత్తి మీద పెట్టుకున్నవ్. ఇగ జన్మల నన్ను బండెక్కియ్యనని, ఎక్కుమని నోటితోని కూడ అడగనని ఒట్టెయ్యి అన్నవ్. ఏసేదాంక చెయ్యి ఇడువలే. ఏసిన."

అశ్విని జ్ఞాపకాల్లో వెనక్కి వెనక్కి వెతుక్కుంది. కళ్లల్లో గుచ్చుకున్న తెల్లటి లైటు గుర్తుంది. అట్టలా ఎండిన నాలుక గుర్తుంది. పొట్ట మీద చెయ్యి వేసుకుంటే తగిలిన చదును, అదీ గుర్తుంది. ఒట్టు మాత్రం ఎక్కడా లేదు. అత్త వైపు చూసింది.

"అన్నవ్ బిడ్డా" అంది కొమురమ్మ మెల్లగా. "నేను నీ కాళ్లకాడనే కూసున్న."

"మరి నాకెన్నడు చెప్పలేదేంది, అత్తమ్మా?"

"ఏమని చెప్పాలె? నువ్వు ఆ దినం ఊసు ఎత్తలే. మానిన పుండు నేనెందుకు గెలకాలె అని ఊకున్న. వాడు ఊకున్నడు, నువ్వు ఊకున్నవ్. ఇంట్ల ముగ్గురం మంచోళ్లమే. మాట్లాడెటోళ్లే లేకపాయిరి."

అశ్విని మొగుడి ముందు కూలబడింది.

"మత్తుల అన్న మాట పట్టుకొని ఇన్నేండ్లా? పెద్ద చదువు చదివినవ్, ఆఫీసుల పది మందికి చెప్తవ్. ఒట్టు తప్పితే నేను చస్తననుకున్నవా?"

"చావవని నాకు తెల్సు" అన్నాడు మహేశ్. తల దించుకుని సుద్ద గీతను బొటనవేలితో రుద్దుతున్నాడు. "కాని నిన్ను ఒక్కపారి రక్తంల చూసిన. ఇంకోపారి చూసే ధైర్యం లేదు. నీ పాణం మీద పెట్టిన ఒట్టుతోని నేను ఆటలాడలే. నువ్వు ఆటోల పోతుంటే ఎన్క వచ్చేది కూడ గందుకే. సక్కగ దిగినవని చూసేదాంక నిమ్మలం ఉండదు."

ఆటో వెనక సందులోంచి ఎన్నిసార్లు చూసిందో ఆమె ఆ బండి లైటును! తనకు దూరంగా ఉండటానికే అలా వస్తున్నాడనుకుంది. నానక్‌రామ్‌గూడ ఆఫీసు నుంచి చందానగర్‌కు తిన్నగా రావలసినవాడు, తను పనిచేసే స్కూలు వదిలే వేళకు అక్కడికి ఎందుకు వచ్చి నిలబడేవాడో ఇప్పుడు అర్థమైంది. కళ్లు నిండిపోయి అతని ముఖం మసకబారింది.

"ఇంత పెద్దగున్నరు, నేనే చెప్పాల్నా?" కొమురమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. "పెట్టినోళ్లే తియ్యాలె. ఒట్టు తీసి గట్టు మీద పెట్టు, బిడ్డా."

చిన్నపిల్లలు ఆటల్లో అనుకునే మాట అది. ఎవరూ నవ్వలేదు. అశ్విని అతని చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకుంది. వెంటనే తీయబుద్ధి కాలేదు. కాసేపయ్యాక ఆ చెయ్యి పట్టుకునే బాల్కనీ దాకా నడిచి, పిట్టగోడ మీద పెట్టింది.

"ఇదే గట్టు అనుకో. నీ ఒట్టు అయిపోయింది. ఇగ అడుగు."

మహేశ్ గోడ మీది చెయ్యి తీయకుండానే ఆమె వైపు తిరిగాడు.

"వస్తవా?"

"వస్త."

ఆ తర్వాత సామాను వ్యవహారం అశ్విని చేతిలోకి పోయింది. మడత కుర్చీ తీసి మూలకు పెట్టింది. "కూసోనీకి నేల లేదా?" కాఫీ కాచే గొట్టం తీసేసింది. "చాయ్‌పత్తి పొట్లం చాలు." లాంతరు లాంటి లైటు తీసేసింది. "ఫోన్ల లైటున్నది."

"వెనక సీటు ఖాళీ గావాలె. రెండు దిక్కుల సంచులు కట్టు, బరువున్నయి అడుగుకు పొయ్యేటట్టు సర్దు" అంటూ ఇద్దరి గుడారం విప్పింది. బట్టను ఒక సంచిలో అదిమి, మడత కర్రలు విడిగా చుట్టి ఇంకో సంచిలో దోపింది. "పట్టింది గదా! పట్టదనుకుంటివా?"

"పట్టుతదో లేదో నేను చూడలే" అన్నాడు మహేశ్. "పట్టితే ఆశ పుడుతదని చూడలే."

మధ్యాహ్నం చిన్న గుడారాన్ని వాపస్ ఇవ్వడానికి ఇద్దరూ కిందికి దిగారు. అశ్విని హెల్మెట్ పెట్టుకుని బండి పక్కన నిలబడింది. కాలు లేవలేదు. మహేశ్ తొందర పెట్టలేదు, వెనక్కి తిరిగి చూడనూ లేదు. రెండు చేతులూ హ్యాండిల్ మీద ఆనించి, పట్టు సడలకుండా కూర్చున్నాడు. చివరికి అతని భుజం పట్టుకుని ఎక్కింది.

బండి గల్లీ దాటి పెద్ద రోడ్డు ఎక్కుతుంటే, హెల్మెట్ అద్దం పైకి తోసి అతని వీపు మీదికి వాలింది. అప్పట్లో ఆ ఐదో నెలలో ఇలా వాలితే, ముందు కడుపు తగిలేది అతనికి. నవ్వుకుంటూ 'మూడో మనిషికి జాగ ఇడువు' అనేవాడు. ఇప్పుడు ఒళ్లంతా సరాసరి వీపుకు ఆనింది. ఆ తేడా ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది. అతని వీపు ఒక్కసారి పొంగి, ఆగి, మెల్లగా దిగింది.

"భయమైతుందా?" గాలిలో అడిగాడు.

"అయితుంది."

"ఆపాల్నా?"

అశ్విని రెండు చేతులూ అతని నడుము చుట్టూ వేసి గట్టిగా పట్టుకుంది.

"ఆపకు."