జీవరత్నం చూడని రాయి

జీవరత్నానికి పేపరు చదవడమంటే పేపరును దండించడమే. సర్వీసంతా చిత్తూరు హైస్కూల్లో చరిత్ర చెప్పి, రిటైరై చంద్రగిరిలో ఇల్లు కట్టుకున్నాక, తిట్టడానికి ఎదురుగా పిల్లకాయలు లేకపోయేసరికి ఆ పని పేపరు మీద పడింది. పొద్దున్నే వసారాలో కుర్చీ వేసుకుని, ఎర్ర పెన్సిలుతో తప్పులు దిద్దుతూ కూర్చుంటాడు.

ఆ శనివారం కూడా అట్లే కూర్చున్నాడు.

"ఇదో, మళ్లీ దొరికిందంట నోవహు ఓడ," అన్నాడు వంటింట్లోకి వినపడేట్టు. "ఎండాకాలం వస్తే సంతలో మామిడికాయలు దిగినట్టు, అరారాతు కొండ మీద ఓడ దిగతాది వీళ్లకి. పోయినేడు దొరికిన ఓడ ఏమైపోయిందో ఒక్కడన్నా రాస్తాడా?"

"ఊఁ," అంది ఆనందమ్మ లోపల్నించి, దోసె తిరగేస్తూ. ఇన్నేళ్ల కాపురంలో ఆయన మాటలకు సరిపోయే జవాబు అదొక్కటేనని ఆమెకు తెలిసిపోయింది.

ఆయనకు దేవుడి మీద నమ్మకం లేక కాదు. ప్రతి ఆదివారం చర్చిలో ముందు బెంచీలోనే కూర్చునేవాడు. కానీ బైబిలు దేశాల్లో జరిగిన తవ్వకాల మీద మద్రాసు నుంచి తెప్పించుకున్న పుస్తకాలు అలమర నిండా ఉన్నాయి. వాటిని చదివేకొద్దీ తవ్వినవాళ్ల మీదా, రాసినవాళ్ల మీదా, అవి విని చప్పట్లు కొట్టేవాళ్ల మీదా చులకన పెరిగిందే గానీ తగ్గలేదు. బైబిల్లో కూలిన యెరికో గోడ తవ్వకాల్లో బయటపడిందని పాస్టరయ్య ప్రసంగంలో చెప్తే ముందు బెంచీలో కూర్చుని చిన్నగా నవ్వేవాడు. "ఫలానాది దొరకాలని ముందే తీర్మానం చేసుకుని తవ్వేవాడికి, మట్టి కూడా లంచం తిన్న సాక్షి మాదిరి చెప్పమన్నదే చెప్తాది," అనేవాడు బయటికొచ్చి.

మూడో పేజీ తిప్పాడు. పెన్సిలు ఆగిపోయింది.

"చంద్రగిరి కొండలో మొదటి శతాబ్దపు శిలువ! క్రీస్తు శిష్యుడు తోమా నడిచిన దారి ఇదే! ప్రముఖ బైబిలు పండితుడు జీవరత్నం వెల్లడి." పక్కనే ఆయన ఫొటో. రిటైరైన రోజు తీసిన గ్రూపు ఫొటోలోంచి కత్తిరించారు. పక్కవాడి భుజం సగం, మెడలో దండ సగం కనిపిస్తున్నాయి.

"ఆనందం! సుగుణా! ఇద్దరూ ఇట్ల రండి!"

కూతురు సుగుణ సైకిలు గొలుసుకు నూనె వేస్తూ పెరట్లో ఉంది. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చింది. తిరుపతిలో ఆడపిల్లల స్కూల్లో డ్రిల్లు టీచరు. ఇరవై ఆరేళ్ల మనిషి. రెండేళ్ల కిందట అమెరికా పత్రికలో ఒక ఫొటో చూసింది. లావు టైర్ల సైకిళ్ల మీద కొండ వాలు దిగుతున్న కుర్రవాళ్ల ఫొటో అది. బస్టాండు దగ్గర సైకిలు షాపు కుప్పయ్యను బతిమాలి, తన సైకిలుకు లావు టైర్లు, మూటలు మోసే క్యారియరు వేయించుకుంది. అప్పట్నుంచి సెలవు దొరికితే కోట వెనక కొండ మీదికి పోతుంది. ఎక్కేటప్పుడు తోసుకుంటూ ఎక్కుతుంది. దిగేటప్పుడు రాళ్ల మీదే తొక్కుకుంటూ దిగుతుంది. ఆమె తిరిగొచ్చినప్పుడల్లా జీవరత్నం "వచ్చిందమ్మా కోతి" అనేవాడు.

"ఏంది ఇది?" పేపరు ఆమె మొహం ముందు ఆడించాడు. "నేనెప్పుడు చెప్పినాను ఈ కూతలు?"

సుగుణ చదివింది. మొహంలో రంగు మారింది.

పదిహేను రోజుల కిందట మోకాళ్ల నిండా దుమ్ముతో వచ్చి, ఆ రాయి మాట ముందుగా ఆమె చెప్పింది తండ్రికే. "నాయనా, పడమటి వాలులో ఒక బండ మీద శిలువ చెక్కుండాది. కింద అక్షరాలు కూడా ఉండాయి. ఏ బాసో తెలీలేదు. వచ్చి చూస్తావా?" అప్పుడు వసారాలో పాస్టరయ్య కూడా కూర్చుని ఉన్నాడు. జీవరత్నం కాఫీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. "కొండ మీద సైకిలు తొక్కేదాని కండ్లకు అట్లాంటివే కనపడతాయి. గొర్రెలోళ్లు కొడవళ్లు నూరుకున్న గీతలమ్మా అవి. రేపు పోయి దేవుడు మోషేకిచ్చిన రాతి పలకలు కూడా తీసుకురా," అన్నాడు. పాస్టరయ్యకు నవ్వక తప్పలేదు. సుగుణ లోపలికి పోయింది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

"నేను ఎవురికీ చెప్పలేదు నాయనా," అంది ఇప్పుడు. "నీకు చెప్పినందుకే చాలనిపించింది."

"నువ్వు చెప్పకపోతే ఆ మునస్వామికి కలొచ్చిందా? వాడొక విలేఖరి! వాడి అక్షరాలకు ఒత్తులుండవు, వాడి వార్తలకు తలకాయుండదు. రేపు ఆదివారం ఊరంతా ఆ బండ కాడికి పోతారంట, చిత్తూరు నుంచి లారీలు కట్టుకుని వస్తారంట. ఈ మూఢులందరి ముందర నేను నవ్వులపాలు కావాల. అదే కదా నీకు కావాల్సింది?"

"చెప్పింది నేను," అంది ఆనందమ్మ.

వంటింటి గడప మీద నిలబడి ఉంది, చేతిలో దోసెల గరిటెతో. ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"మొన్న మీరు బజారుకు పోయినప్పుడు ఆ మునస్వామి వచ్చినాడు. రాయి గురించి పాస్టరయ్య కాడ విన్నాడంట. సారు చూసినాడా, ఏమన్నాడని అడిగినాడు. ఏం చెప్పాల నేను? కన్నబిడ్డ వచ్చి ఇది చూడు నాయనా అంటే మా ఆయన పదిమందిలో పగలబడి నవ్వినాడని చెప్పాల్నా? లేచి పోయి చూసింది కూడా లేదని చెప్పాల్నా? సిగ్గేసింది. సారు చూసినాడు, చానా పాతదన్నాడు అని చెప్పినాను. తోమా అనీ, శతాబ్దమనీ నేను అనలేదు. అది వాడి కల్పన."

"నీకు బుద్ధుండాదా ఆనందం? అబద్ధం చెప్పి..."

"ఉండాది. అందుకే చెప్పినాను." గరిటె గడప మీద పెట్టేసింది. ఎప్పుడూ లేనిది, గొంతు పెరిగింది. 'మీరు' అనడం కూడా పోయింది. "పేపరోళ్లు చూడకుండా రాస్తారని రోజూ తిడతావే, నువ్వు చూడకుండా నవ్వినావు. వాళ్లకూ నీకూ ఏంది తేడా? ఈ ఇంట్లో ఎవురన్నా నోరు తెరిచి ఒక మాట చెప్పాలంటే భయం. ఎక్కడ నవ్వుతావో అని. ఈ బిడ్డ నీతో చెప్పకుండా ఏం చేసిందో తెలుసునా నీకు?"

"అమ్మా, వద్దులే," అంది సుగుణ.

"చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను."

సుగుణ నేల చూస్తూ చెప్పింది. "సూళ్లూరుపేట స్కూల్లో పోస్టు వచ్చింది నాయనా. సోమవారం పోయి చేరాల. అడిగితే నవ్వుతావని చెప్పలేదు."

జీవరత్నం నోట మళ్లీ పాత ధోరణే వచ్చింది. "పొండి, అందరూ పొండి. రేపు నేనే ఆ కొండెక్కి, ఆ గుంపు మొహం మీద చెప్తాను నిజమేందో."

"నీ మోకాలితో ఎట్ల ఎక్కుతావు?" అంది సుగుణ. "క్యారియరు మీద కూర్చో. తీసుకుపోతాను. చూసినాక నీకు తోచింది చెప్పుకో."

ఆదివారం ఎండ ఎక్కకముందే బయల్దేరారు. చదునుగా ఉన్న చోట ఆయన్ని ఎక్కించుకుని తొక్కింది. ఎత్తు వచ్చిన చోట దింపి, సైకిలు సీటు మీద చెయ్యి వేసుకుని నడవమంది. తాను హ్యాండిలు పట్టుకుని ఆయన బరువుతో సహా తోసింది. దారి పొడుగునా ఆయన చెప్పబోయే ఉపన్యాసాన్ని మనసులో కూర్చుకుంటున్నాడు. మూఢభక్తి గురించి, పచ్చి అబద్ధాల పేపర్ల గురించి మంచి మంచి వాక్యాలు దొరికాయి. ముందు పోతున్న కూతురి వీపు చెమటకు తడిసిపోయిందని చాలా సేపటికి గానీ చూసుకోలేదు.

"అలుపొస్తా ఉండాదా?" అన్నాడు.

"లేదు నాయనా. గమ్మున నడువు, మాట్లాడితే నీకే ఆయాసం."

బండ దగ్గర అప్పటికే జనం. కొవ్వొత్తులు, మల్లెపూల దండలు. ఎవరో బండకు పసుపు కూడా రాశారు. ఆయన్ని చూడగానే "పండితులవారు వచ్చినారు" అని దారి ఇచ్చారు. మెడలో కెమెరాతో మునస్వామి ఎదురొచ్చి దండం పెట్టాడు. జీవరత్నం వాడి వైపు చూడలేదు. పెదవి చివర పాత నవ్వు అప్పుడే సిద్ధమవుతోంది. అద్దాలు సర్దుకుని బండ మీదికి వంగాడు.

నవ్వు రాలేదు.

అది గొర్రెలవాళ్ల గీత కాదు. శిలువ నాలుగు కొసలూ పూరేకుల్లా విచ్చుకున్నాయి. ఎవరో ఓపికగా, తెలిసిన చేత్తో చెక్కారు. కింద ఒక వరసలో అక్షరాలు. తెలుగు కాదు, అరవం కాదు, పాత గ్రంథ లిపీ కాదు. పుస్తకాల్లో చూసిన పాత లిపులన్నీ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకున్నాడు. ఏదీ కుదరలేదు. వేలితో ఒక్కో గీత తడిమాడు. వానలకు అరిగి, నాచు పట్టి, అంచులు మెత్తబడి ఉన్నాయి. నిన్నమొన్నటిది కాదు. అట్లని తోమా కాలందని చెప్పడానికి కూడా ఏ ఆధారమూ లేదు. దారిలో కూర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ ఈ రాయికి పనికిరాలేదు.

ఆయన వంగే ఉన్నాడు. జనం ఎదురుచూస్తున్నారు.

"చెప్పండి సార్," అన్నాడు మునస్వామి. "ఎన్నేండ్లది?"

జీవరత్నం మెల్లగా నడుం ఎత్తి నిలబడ్డాడు. "నాకు తెలీదు," అన్నాడు.

తాను ఆ మాట చివరిసారి ఎప్పుడు అన్నాడో ఆయనకే గుర్తుకు రాలేదు.

"తెలీదంటే ఎట్ల సార్? తెలీదనేది వార్త ఎట్లయితాది? ఉజ్జాయింపుగా ఒక మాట..."

"నిన్న పేపర్లో నా పేరు మీద పడిన మాట నేను అనలేదు. దీన్ని నేను ఇప్పుడే మొదటిసారి చూస్తా ఉండాను. ఇది గొర్రెలోళ్ల గీత అని మాత్రం అన్నాను. అదీ చూడకుండానే అన్నాను. అది తప్పు." గొంతు సవరించుకున్నాడు. "దీన్ని కనిపెట్టింది నా కూతురు సుగుణ. ఈ కొండను సైకిలు మీద తిరిగి చూసింది. రాసుకుంటే ఆ పేరు రాసుకో. అక్షరాలు చదివేవాళ్లు మద్రాసులో ఉంటారేమో అడిగి చూద్దాం. అందాకా ఎవురూ పసుపు రాయొద్దండప్పా, గీతలు చెడిపోతాయి."

జనంలో గొణుగుడు మొదలైంది. ఇంతదూరం ఎక్కింది తెలీదనే మాట కోసమా అన్నారు ఎవరో. ఒక ముసలమ్మ మాత్రం ఇదేమీ వినలేదు. కళ్లు మూసుకుని, ఎవరి జబ్బు కోసమో పెదాలు కదుపుతూ మోకాళ్ల మీదే ఉంది. మామూలుగా అయితే ఆమె మీద ఒక మాట విసిరేవాడు. ఆమె కొవ్వొత్తి గాలికి కొట్టుకుంటుంటే, ఆరిపోకుండా ఒక పక్కన అడ్డంగా నిలబడ్డాడు. ఆమె ఆమెన్ అని లేచేదాకా కదలలేదు.

దిగేటప్పుడు సుగుణ అడిగింది. "నడుస్తావా, కూర్చుంటావా?"

"కూర్చుంటాను."

"అయితే కాళ్లు పైకి పెట్టుకో. నేను ఎటు వాలితే నువ్వూ అటే వాలాల. భయమేసి ఎదురు వాలితే ఇద్దరం పడతాం."

సైకిలు వాలులోకి దిగింది. జీవరత్నం ఊపిరి బిగబట్టి ఆమె నడుం పట్టుకున్నాడు. రాయి వచ్చే లోపలే చక్రం పక్కకు జరిగిపోతోంది. ఆయన కంటికి గుంత కనపడేసరికి దాన్ని దాటేసి ఉంటున్నారు. ఒక చోట బ్రేకు పట్టి, ఒక చోట వదిలేసి, మధ్యలో "నాయనా, ఎడమకు" అని అరుస్తూ పోయింది. ఆయన ఆమె చెప్పినట్టే వాలాడు. కోట గోడ దగ్గర మట్టిదారిలో పడేసరికి సుగుణ పెద్దగా నవ్వింది. ఆ పిల్ల అట్లా నవ్వగా విని ఎన్నేళ్లయిందో.

"సూళ్లూరుపేటలో కొండల్లేవు గదమ్మా," అన్నాడు ఆయన దిగి, పంచె దులుపుకుంటూ.

"లేవు. అయితే చుట్టూ నీళ్లుండాయి, దూరం నుంచి వచ్చే కొంగలుండాయంట. చూస్తాను."

"చూసి వచ్చి నాకు చెప్పు. వింటాను."

సుగుణ ఆయన మొహంలోకి చూసింది, అందులో ఎగతాళి ఎక్కడన్నా దాగుందేమోనని. లేదు. కళ్లు తడయ్యాయి ఆమెకు. సైకిలు స్టాండు వేసే వంకతో అటు తిరిగింది.

సోమవారం పొద్దున ఆమె బస్సెక్కి పోయింది. సైకిలును బస్సు పైన తాళ్లతో కట్టించింది జీవరత్నమే. తిరిగొచ్చి వసారాలో కూర్చుంటే పేపరు వచ్చింది. "శిలువ రాతిపై పండితుల మౌనం! దాస్తున్న రహస్యమేమిటి?" అని వేశారు. సుగుణ పేరు ఎక్కడా లేదు. ఆయన పేపరు మడిచి అవతల పెట్టేశాడు.

ఆనందమ్మ కాఫీ తెచ్చి ఇచ్చి వెనక్కి తిరిగింది.

"ఆనందం, కూర్చో."

"పొయ్యి మీద పప్పుండాది."

"దించేసి వచ్చి కూర్చో."

ఆమె పోయి దించి వచ్చి, అనుమానంగానే గోడకు ఆనుకుని కూర్చుంది.

"నువ్వు మొన్న అన్నావే, ఈ ఇంట్లో నోరు తెరవాలంటే భయమని. నీకు ఎప్పట్నుంచి ఆ భయం?"

ఆనందమ్మ కొంగు అంచును వేళ్లతో మడతలు పెట్టింది, విప్పింది.

"పెండ్లయిన కొత్తలో," అంది చివరికి, "చిత్తూరు చర్చిలో నేను పాడేదాన్ని. గుర్తుండాదా మీకు? ఒక క్రిస్మసుకు ఒక్కదాన్నే నిలబెట్టి పాడించినారు. ఇంటికొచ్చినాక మీ స్నేహితుల ముందర నా మాదిరి గొంతు పెట్టి పాడి చూపించినారు మీరు. అందరూ నవ్వినారు. నేను కూడా నవ్వినాను. ఆ తర్వాత పాడలేదు. ఇంట్లో కూడా పాడలేదు. సుగుణ ఉయ్యాల్లో ఉన్నప్పుడు కూడా ఊరికే ఊపినాను."

జీవరత్నానికి ఆ క్రిస్మసు గుర్తులేదు. ఆ స్నేహితులెవరో కూడా గుర్తులేదు. ఇన్నేళ్లూ ఈ ఇంట్లో పాట లేదన్న సంగతే ఆయనకు తట్టలేదు. అద్దాలు తీసి పంచె అంచుతో తుడుస్తూ ఉండిపోయాడు. అద్దాలు తుడిచిన కొద్దీ కళ్లు తడుస్తున్నాయి.

భర్త ఏడవడం ఆనందమ్మ అంతకు ముందెప్పుడూ చూడలేదు. జరిగి వచ్చి, ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"ఇంకా ఉండాయా, చెప్పకుండా దాచుకున్నవి?" అన్నాడు ఆయన.

"చానా ఉండాయి."

"చెప్పు," అన్నాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది.