డేగను చూసిన సాక్షి

“మా ఇంటి మీదికి గొట్టాలు ఎక్కుపెట్టి ఏం చూస్తున్నారయ్యా? ఇల్లేమైనా కూలుతోందా?”

అమ్మ గుండె చేత్తో పట్టుకుని గేటు దగ్గరికి పరుగెత్తింది. సందులో పదిహేను మంది నిలబడి ఉన్నారు. మెడల్లో బైనాక్యులర్లు. అందరి చూపూ మేడ మీది నీళ్ళ ట్యాంకు వైపే.

“కంగారు పడకండమ్మా. డేగ కోసం వచ్చాం,” అన్నాడు గుంపుకు పెద్దయిన లెక్కల మాస్టారు. “ఎర్రకాళ్ళ డేగ. ఈ చుట్టుపక్కల ఎవరి కంటా పడనిది. నిన్న పొద్దున మీ ట్యాంకు మీద వాలిందని లిఫ్టులు బాగుచేసే మావాడు చెప్పాడు.”

మావాడంటే పక్కనే నిలబడ్డ కుర్రాడు. గుంపులో అతన్ని అందరూ ‘కవరు’ అంటారు. పోయిన నెల గుడ్లగూబ అంటూ అందరినీ పరుగులు పెట్టిస్తే, తీరా అది కొమ్మకు చిక్కిన నల్ల ప్లాస్టిక్ కవరు.

గంట గడిచింది. ట్యాంకు మీద కాకి కూడా వాలలేదు.

“ఈసారి ఏ రంగు కవరురా?” ఎవరో కిసుక్కున నవ్వారు.

“ఫోటో ఏదీ?” అన్నాడు మాస్టారు.

“సరిగ్గా రాలేదండీ.”

“అయితే చూసినవాళ్ళు ఇంకొకరు చెప్పాలి. లేదంటే మన పిట్టల లెక్కల పుస్తకంలోంచి కొట్టేయాల్సిందే. రెండోసారీ ఇలాగైతే నీ మాట ఇక ఎవడు నమ్ముతాడ్రా?”

అతని ముఖం మాడిపోయింది.

ఇంట్లో కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చున్న కూతురికి అంతా వినిపిస్తోంది. డేగను ఆమె చూసింది. కానీ చూశానంటే, రోజూ సందులో నిలబడి పిట్టల్ని చూసే ఈ కుర్రాణ్ణి, తను బట్టలారేసే వంకతో మేడెక్కి చూస్తోందని అమ్మకు తెలిసిపోతుంది. అమ్మ మామూలు మనిషా! ఎవరైనా తుమ్మితే ఆసుపత్రి దాకా ఆలోచిస్తుంది.

అయినా లేచి వచ్చింది.

“నేను చూశానండీ.”

మాస్టారు నోటుబుక్కు తెరిచాడు. లెక్కల మనిషి, ఊరికే వదలడు.

“ఎన్నింటికి?”

“ఏడుంపావుకి. పది నిమిషాలు కూర్చుంది. ఒళ్ళంతా బూడిద రంగు, కాళ్ళకు మాత్రం ఎర్రదారం చుట్టినట్టుంది.”

“ఎటు ఎగిరింది?”

ఆమె తల దించుకుంది. “చూడలేదండీ.”

“పది నిమిషాలు చూసి, ఎగిరేటప్పుడు చూడలేదా?”

“అప్పుడు... ఈయన పెన్ను మురిక్కాలవలో పడింది. చెప్పు విప్పి దాంతో తీస్తున్నారు.”

సందంతా గొల్లుమంది. మాస్టారు మాత్రం పైకి చదువుతూ గంభీరంగా రాసుకున్నాడు. “సాక్షి నమ్మదగినది. ఎగిరిన దిక్కు తెలియదు. కారణం అడగరాదు.”

కుర్రాడు ఆమె దగ్గరికొచ్చి కెమెరా చూపించాడు. ఫోటోలో డేగ మసకగా ఉంది. దాని ముందు, నోట్లో క్లిప్పు పెట్టుకుని తడి దుప్పటి దులుపుతున్న ఆమె మాత్రం ముంగురులతో సహా స్పష్టంగా ఉంది.

“ఎర్రకాళ్ళు తెలుస్తూనే ఉన్నాయిగా! ఇది చూపిస్తే సరిపోయేది.”

“మిమ్మల్ని అడగకుండా అంతమందికి ఎలా చూపిస్తానండీ? వద్దంటే ఇప్పుడే తీసేస్తాను.”

“ఉంచండి. డేగ బాగుంది.”

“నిన్నటి నుంచి ఇందులో నేను డేగను చూడటం లేదండీ.”

ఆమె చెవులు కందిపోయాయి. ఈలోగా అమ్మ కెమెరా లాక్కుంది.

“క్లిప్పు నోట్లో పెట్టుకున్నావేమే! గొంతులోకి జారితే? అయ్యో, పిట్టగోడకి అంత దగ్గరగానా!”

ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

“ఏమయ్యా, నువ్వు చేసే లిఫ్టులు తెగిపడవు కదా?”

“ఇంతవరకు ఒక్కటీ పడలేదండీ.”

అమ్మ నిట్టూర్చింది.

“రేపటి నుంచి నువ్వూ మేడ మీదికే రా. నువ్వు కింద నిలబడితే ఇది వంగి చూస్తుంది. నాకున్నది ఒక్కతే కూతురు.” రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది. “మెట్లు చూసుకుని ఎక్కు బాబూ.”